ఆ కొలనులో చేప గురించి: హిరోషిమా నగర విద్యా మండలికి బహిరంగ లేఖ

హిరోషిమా నగర విద్యా మండలి పెద్దలకు నమస్కారం.

ఈ ఉత్తరం తెలుగులో రాస్తున్నాను. మీ కార్యాలయంలో తెలుగు చదివేవారు ఉంటారన్న ఆశ లేదు. అయితే బహిరంగ లేఖను చిరునామాదారు కంటే దారిన పోయేవాళ్ళే ఎక్కువగా చదువుతారు కాబట్టి, నాకు వచ్చిన భాషలో నిశ్చింతగా రాసుకుంటాను. మీ ఊరు మాకు కొత్త కాదు. మీ ఊరి మీద అణుబాంబు పడ్డ ఆగస్టు 6 వస్తే మా పత్రికల్లో ఏదో ఒక మూల, ఆ బాంబుకు కూలకుండా మిగిలిన మీ గోపురం బొమ్మ పడుతుంది. కొన్ని బళ్ళలో ఆ రోజు పిల్లల చేత కాగితం కొంగలు చేయిస్తారు. ఆ మాత్రం చుట్టరికంతోనే రాస్తున్నాననుకోండి.

2023 ఫిబ్రవరిలో మీరు ఒక నిర్ణయం ప్రకటించారు. 2013 నుంచి మీ బళ్ళలో వాడుతున్న శాంతి విద్య పుస్తకం 'హిరోషిమా హెయివా నోటు'ను సవరిస్తూ, మూడో తరగతి పాఠంలోంచి కేయిజి నకజావా గీసిన 'బేర్‌ఫుట్ గెన్' మాంగాను, అంటే గెన్ అనే హిరోషిమా పిల్లవాడి బొమ్మల కథను, తీసేశారు. ఆ ఏప్రిల్‌లో మొదలైన విద్యా సంవత్సరం నుంచి మీ పిల్లల పాఠంలో గెన్ లేడు. తీసేసింది పాఠం మొత్తాన్ని. అభ్యంతరం చెప్పింది మాత్రం ముఖ్యంగా రెండు చోట్ల. ఇంటి ఖర్చుకు నాలుగు డబ్బులు తేవాలని గెన్ వీధిలో రోక్యొకు అనే కథాగానం పాడే చోటు ఒకటి. తిండి చాలక నీరసించిన తల్లి కోసం పరాయివాళ్ళ కొలనులో చేపను దొంగిలించే చోటు రెండోది. ఇవి నేటి పిల్లల జీవితానికి దూరంగా ఉన్నాయనీ, వివరణ ఇస్తే తప్ప అర్థం కావనీ, దొంగతనం సంగతి తప్పుడు అర్థానికి దారి తీయవచ్చుననీ, మాంగాలో ఒక ముక్కతో బాంబు నిజస్వరూపాన్ని చేరుకోవడం కష్టమనీ మీ వైపు నుంచి వచ్చిన మాటల సారాంశం.

మీ పట్ల అన్యాయంగా మాట్లాడను. మీరు పుస్తకాన్ని నిషేధించలేదు. తరగతి గంటలు తక్కువ, చెప్పవలసింది ఎక్కువ అన్న టీచర్ల మొర నిజమైనదే. మా అక్క ఇరవై ఏళ్ళుగా సర్కారు బడిలో సాంఘిక శాస్త్రం చెబుతోంది. సిలబస్ అన్న మాట వినబడితే చాలు, ఆమె మొహం కాకరకాయ నమిలినట్టు మారిపోతుంది. కాబట్టి మీ టీచర్లతో నాకు పేచీ లేదు. పేచీ అంతా మీరు వేలు పెట్టి చూపించిన ఆ రెండు చోట్ల గురించే. ఎందుకంటే, నా లెక్కలో, ప్రళయం గురించి వచ్చిన బొమ్మల కథలన్నింటిలోనూ అంత నిజమైన పుటలు తక్కువ.

నేను ఈ తరహా కథల పిచ్చిదాన్ని. లోకం ముగిసిపోయాక మిగిలినవాళ్ళ కథలు. చదువుకునే రోజుల్లో ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల గుట్టలో 'అకీరా' అనే మాంగా రెండో సంపుటం దొరికింది. మొదటిది దొరకడానికి నాలుగేళ్ళు పట్టింది. ఆ నాలుగేళ్ళూ అందులోని నగరం ఎందుకు అలా ఉందో తెలియకుండానే బొమ్మలు చూస్తూ గడిపాను. తెలిశాక చూస్తే, కత్సుహిరో ఒతొమొ తన కథను తోక్యో మీద ఒక తెల్లటి పేలుడుతోనే మొదలుపెట్టాడు. తర్వాత ఒక్కొక్కటే పోగయ్యాయి. 1982 ఏమి ఏడాదో గానీ, అకీరా మొదలైంది అప్పుడే. మియజాకి 'నౌసికా' మాంగా పత్రికలో మొదలైందీ అప్పుడే. ఫ్రాన్సులో గడ్డకట్టిన భూమి చుట్టూ ఆగకుండా తిరిగే రైలు కథ వచ్చిందీ, ఇంగ్లండులో రేమండ్ బ్రిగ్స్ అణుయుద్ధంలో చిక్కుకున్న ముసలి దంపతుల కథ గీసిందీ ఆ ఏడాదే. అమెరికా, రష్యాలు క్షిపణులు ఎదురెదురుగా నిలబెట్టుకున్న రోజులు మరి. బ్రిగ్స్ ముసలివాళ్ళు సర్కారు కరపత్రంలో చెప్పినట్టే తలుపులు ఊడదీసి గోడకు వాలుగా పెట్టుకుని, దాని కింద దూరి, తర్వాత వానచుక్కలు పట్టుకుని తాగి, పద్ధతిగా చచ్చిపోతారు. ఆ కరపత్రం రాసినవాళ్ళు కూడా ఏదో ఒక మండలిలోనే కూర్చుని రాసి ఉంటారు. ఇది మిమ్మల్ని దెప్పడానికి అనడం లేదు. సరే, కొంచెం దెప్పడానికే.

ఇవన్నీ చదివాక నాకు అర్థమైనది ఒకటుంది. పైకి ఎన్ని మోటారు సైకిళ్ళు, ఎన్ని మహాకాయ పురుగులు, ఎన్ని కూలిన మేడలు కనిపించినా ఈ కథలన్నీ లోపల తిండి గురించే. రైలు కథలో తోక పెట్టెల్లో ఉన్నవాళ్ళకు తిండి ఉండదు, ముందు పెట్టెల్లో ఉంటుంది. కజువొ ఉమెజు గీసిన కథలో బడి మొత్తం, పిల్లలూ టీచర్లతో సహా, ఎడారైపోయిన భవిష్యత్తులో పడుతుంది. అక్కడ మొదటి రాక్షసుడు రోజూ బడికి భోజనం తెచ్చే మనిషే. తిండి గది ఆక్రమించుకున్న క్షణం నుంచి అతడు మనిషి కాకుండా పోతాడు. 'హొకుతొ నొ కెన్' అనగానే అందరికీ కండలు తిరిగిన వీరుడు, వేలితో పొడిస్తే పేలిపోయే శత్రువులు గుర్తొస్తారు. నాకు మాత్రం మొదట్లోనే వచ్చే ఒక ముసలాయన గుర్తొస్తాడు. అణుయుద్ధం తర్వాతి ఎడారిలో అతడు వరి విత్తనాల సంచి మోసుకుపోతుంటాడు. తినడానికి కాదు, నాటడానికి. దోపిడీగాళ్ళు అతడిని చంపేస్తారు. వీరుడు ఆ గింజలను ముసలాయన సమాధి మీద చల్లుతాడు. ఎంత కరవు వచ్చినా విత్తనాల కుండ ముట్టుకోని ఇళ్ళు మా రాయలసీమలో ఉండేవి. అందుకేనేమో, ఆ పుట దగ్గర మాత్రం ఆ కథలోని వీరంగమంతా మరిచిపోతాను.

ఆ ముసలాయన కథ 1983లో వచ్చింది 'షోనెన్ జంప్' వారపత్రికలో. సరిగ్గా దానికి పదేళ్ళ ముందు, 1973లో, అదే పత్రికలో గెన్ మొదలైంది. అదీ గింజతోనే మొదలైంది. చలిలో మొలిచి, కాళ్ళతో తొక్కినకొద్దీ వేరు గట్టిపడి, నిటారుగా లేచి వెన్ను వేసే గోధుమలా బతకండిరా అని తండ్రి పిల్లలకు చెప్పే మాటతో. గోధుమ మొక్కను కావాలని తొక్కడం మీ రైతుల పద్ధతి అట. మా వైపు ఎవరైనా పైరు తొక్కితే కర్ర పట్టుకుని వస్తారు.

అయితే గెన్‌కూ మిగతా కథలకూ ఒక పెద్ద తేడా ఉంది, మీరు పట్టించుకోవలసింది దాన్నే. బ్రిగ్స్ ముసలివాళ్ళ కథను వదిలేస్తే, మిగతావాటిలో చాలావరకు మొదటి పుటకే ప్రళయం అయిపోయి ఉంటుంది, లేదా మొదట్లోనే అయిపోతుంది. నౌసికాలో అయితే వెయ్యేళ్ళు గడిచిపోయి ఉంటాయి. అంతకు ముందు మనుషులు ఏం తిన్నారో, ఎవరికి భయపడ్డారో మనకు చెప్పరు. నకజావా అలా చేయలేదు. బాంబు పడే ఉదయం దాకా ఒక సంపుటం దాదాపు అంతా ఆగాడు. మీరు తప్పు పట్టిన ఆ రెండు దృశ్యాలూ బాంబు తర్వాతవి కావు. ముందువి. వీధిలో పాట, కొలనులో చేప, రెండూ ఆగస్టు 6కు ముందే. ఊరు ఇంకా నిలబడే ఉంది, ట్రాములు తిరుగుతూనే ఉన్నాయి, బడి గంట కొడుతూనే ఉంది. కానీ కడుపుతో ఉన్న ఒక తల్లికి తిండి లేదు, దాన్ని తేవడానికి ఇద్దరు చిన్నపిల్లలు దొంగలయ్యారు. యుద్ధం వద్దన్న తండ్రిని ఇరుగుపొరుగు దేశద్రోహి అంటున్నారు. నకజావా దృష్టిలో లోకం బాంబు పడ్డ 8:15 గంటలకు ముగియలేదు. అప్పటికే సగం ముగిసింది. బాంబు మిగతా సగం పూర్తి చేసింది. మీ మూడో తరగతి పిల్లలకు ఆ పుటలు చెప్పింది ఇదే. 'బాంబు నిజస్వరూపానికి చేరువ కాలేని ముక్క' అని మీరన్నది దీన్నే.

ఇప్పుడు మా ఇంటి సంగతి.

మా అబ్బాయి మూడో తరగతి. మీ పాఠం ఏ వయసు పిల్లల కోసమో సరిగ్గా ఆ వయసు. మీ వార్త చదివాక పంతం పట్టి, మొదటి సంపుటం ఆంగ్ల అనువాదం తెప్పించి, రాత్రిపూట అన్నం తిన్నాక వాడి పక్కన కూర్చుని తెలుగు చేస్తూ చదివాను. ముందే చెబుతున్నాను, బాంబు పడే పుటలు చదవలేదు. వాటికి ఇంకో ఏడాదో రెండేళ్ళో ఆగుదామనుకున్నాను. అంతకు ముందున్నదంతా చదివాను. మొదటి రెండు రోజులూ వాడికి బొమ్మలు నచ్చలేదు. 'ఏమిటమ్మా, అందరి నోళ్ళూ ఇంత పెద్దగా తెరుచుకుని ఉన్నాయి' అన్నాడు. నిజమే. నకజావా మనుషులు ఏడ్చినా నవ్వినా ఒళ్ళంతా ఏడుస్తారు, ఒళ్ళంతా నవ్వుతారు. ఒకరినొకరు కొట్టుకోవడం కూడా ఎక్కువే. పుట పుటకూ మధ్యలో ఎర్రగా కాలుతున్నట్టు ఒక సూర్యుడు వచ్చి కూర్చుంటాడు. నలుపు తెలుపు బొమ్మే, అయినా ఎర్రగానే కనిపిస్తాడు.

మూడో రోజు కొలను వచ్చింది. గెన్, వాడి తమ్ముడు షింజి. అమ్మ కోసం చేప. మా అబ్బాయి లేచి కూర్చున్నాడు. వీడు ఇప్పటిదాకా ఆకలి అంటే ఎరగడు. టిఫిన్ బాక్సులో సగం వెనక్కి తెచ్చే రకం. మీ లెక్క ప్రకారం ఈ చోట వాడికి ఏమీ అర్థం కాకూడదు. నేనూ అదే అనుమానంతో పుస్తకం మూసి మా అవ్వ సంగతి చెప్పాను.

మా అవ్వది అనంతపురం జిల్లా. 1952లో సీమలో వచ్చిన కరవును గంజి కరవు అంటారు. సర్కారు ఊరూరా గంజి కేంద్రాలు పెట్టి, వరుసలో నిలబడ్డవాళ్ళకు గంజి పోసిన కరవు కాబట్టి ఆ పేరు. అవ్వకు అప్పుడు పదేళ్ళు. ఒక సాయంత్రం గంజి అయిపోయిందని ఖాళీ ముంతతో తిరిగి వస్తూ, దారిలో ఒక మోతుబరి కళ్ళంలో తూర్పారబట్టిన జొన్నల రాశి చూసింది. చుట్టూ ఎవరూ లేరు. రెండు పిడికిళ్ళు పరికిణీ అంచులో మూట కట్టుకుని పరుగెత్తింది. ఇంటికి వచ్చాక వాళ్ళమ్మ, అంటే మా ముత్తవ్వ, మూట విప్పి చూసి చెంప మీద ఒక్కటి కొట్టింది. తర్వాత ఆ జొన్నలనే దంచి సంకటి చేసి అందరికీ పెట్టింది. తాను మాత్రం తినలేదు. అవ్వ ఈ సంగతి చెప్పినప్పుడల్లా చెంప తడుముకునేది. డెబ్బై ఏళ్ళు దాటాక కూడా.

మా అబ్బాయి అంతా విన్నాడు. పుస్తకం మళ్ళీ తెరవమన్నాడు. కొలను బొమ్మ వైపు కాసేపు చూసి, 'ఆ చేపలాయన ఇంట్లో కూడా ఎవరికైనా ఒంట్లో బాగాలేదేమో కదమ్మా, అప్పుడు ఎట్లా?' అన్నాడు.

తప్పుడు అర్థం వస్తుందని మీరు భయపడ్డది ఇక్కడేనా? పిల్లవాడు దొంగతనం మంచిదని నేర్చుకోలేదు. దొంగ ఇంటినీ, యజమాని ఇంటినీ పక్కపక్కన పెట్టి తూకం వేయడం మొదలుపెట్టాడు. నాకు తెలిసిన పెద్దవాళ్ళలో సగం మంది ఆ పని చేయరు.

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఆకలి నేటి పిల్లల జీవితానికి దూరమని మీరు ఎలా తేల్చారు? 2012లో తోక్యోలో ఒక చిన్న దుకాణంలో మొదలైన పిల్లల భోజనశాలలు, మీరు 'కొదొమొ షొకుదొ' అనేవి, ఇవాళ మీ దేశమంతటా వేల సంఖ్యలో ఉన్నాయి. ఉచితంగానో నామమాత్రపు ధరకో అక్కడ పిల్లలకు అన్నం పెడుతున్నారు. అంటే పెట్టవలసిన పిల్లలు ఉన్నారనే కదా. ఆ పిల్లల్లో ఎవరైనా మీ మూడో తరగతిలో వెనక బల్ల మీద కూర్చుని ఉంటే, పుస్తకం మొత్తంలో తన సంగతి తెలిసినవాడు గెన్ ఒక్కడేనని అనిపించి ఉండదా?

ఇక రోక్యొకు. షామిసెన్ అనే మూడు తీగల వాద్యం మీటుతుంటే సగం పాడుతూ సగం చెబుతూ కథ నడిపించే కళ అని చదివాను. చదవగానే మా బుర్రకథ గుర్తొచ్చింది. మధ్యలో తంబురా పట్టుకున్న కథకుడు, అటూ ఇటూ డక్కీలు వాయించే వంతలు. ఒకడు హాస్యం చెబుతాడు, ఒకడు రాజకీయం మాట్లాడతాడు. సర్కారుకు నచ్చని మాటలు పాడినందుకు ఒకప్పుడు నిషేధం కూడా ఎదుర్కొన్న కళ అది. నేటి పిల్లలకు అదీ తెలియదు. మా అబ్బాయికి చెప్పడానికి ఫోనులో ఒక పాత వీడియో వెతికి చూపించాను. పది నిమిషాలు పట్టింది. వాడు ఆ తర్వాత రెండు రోజులు అన్నం పళ్ళెం మీద గరిటెతో వాయిస్తూ 'తందాన తాన' అంటూ ఇల్లు పీకి పందిరి వేశాడు. వివరించవలసి వస్తుంది కాబట్టి తీసేశాం అంటున్నారు మీరు. వివరించనవసరం లేనివాటి కోసం ఎవరూ పిల్లలను బడికి పంపరండీ.

నకజావా గురించి మీకు చెప్పడమంటే హనుమంతుడి ముందు కుప్పిగంతులు. అయినా దారిన పోయేవాళ్ళ కోసం చెప్పాలి. అతడు మీ ఊరి పిల్లవాడు, 1939లో పుట్టాడు. ఆ ఉదయం ఆరేళ్ళవాడు, బడి గేటు దగ్గర ఉన్నాడు, బాంబు పేలిన చోటికి కిలోమీటరు పైచిలుకు దూరంలో. కాంక్రీటు గోడ అడ్డుపడి బతికించింది. ఇంటి దగ్గర తండ్రి, అక్క, తమ్ముడు దూలాల కింద చిక్కుకుని చనిపోయారు. తల్లి ఆ రోజే ఒక ఆడపిల్లను కన్నది. ఆ బిడ్డ కొన్ని నెలలే బతికింది. పెద్దవాడై తోక్యో వెళ్ళి బొమ్మలు గీస్తూ, బాంబు మాట ఎత్తకుండా చాలా ఏళ్ళు గడిపాడు. బాంబు బాధితుడని తెలిస్తే జనం దూరం జరిగే రోజులవి. 1966లో తల్లి చనిపోయింది. దహనం అయ్యాక అస్థికలు ఏరుకోవడానికి వెళితే ఏరడానికి ఏమీ లేదు. బూడిదలో తెల్లటి రవ్వలు మాత్రం ఉన్నాయి. ఆ బాంబు చివరికి మా అమ్మ ఎముకలను కూడా తీసుకుపోయిందన్న కోపంతో అతడు బాంబు కథలు గీయడం మొదలుపెట్టాడు. మొదటిది 1968లో వచ్చింది, ఐదేళ్ళ తర్వాత గెన్. చితి చల్లారాక అస్థికలు ఏరి, కుండలో పెట్టి, గోదావరిలోనో కృష్ణలోనో కలిపే మావాళ్ళకు ఈ కోపాన్ని విడమరిచి చెప్పనక్కర లేదు.

అలాంటి మనిషి తన తల్లి ఆకలి గురించి గీసిన బొమ్మను మీరు పక్కన పెట్టారు. కొలనులోకి దిగిన పిల్లవాడు ఎవరి కోసం దిగాడో ఒకసారి మళ్ళీ చూడండి.

గెన్‌ను పక్కన పెట్టినవాళ్ళలో మీరు మొదటివారు కారు. 2012 డిసెంబరులో మత్సుయె నగరంలో విద్యా శాఖవారు ఈ పుస్తకాన్ని పిల్లలకు అందకుండా లోపలి బీరువాల్లో పెట్టమని బళ్ళకు చెప్పారు. సంగతి బయటపడి గొడవయ్యాక 2013 ఆగస్టులో వెనక్కి తీసుకున్నారు. నకజావా చనిపోయింది కూడా 2012 డిసెంబరులోనే. ఒసాకా దగ్గర ఇజుమిసానోలో మేయరుగారికి కొన్ని మాటలు నచ్చక పుస్తకాలను బళ్ళ నుంచి పోగు చేయించి, 2014లో మళ్ళీ తిరిగి ఇప్పించారు. రెండు చోట్లా పుస్తకం తిరిగి అల్మరాలోకి చేరింది. దీన్ని బట్టి మీకూ దారి మూసుకుపోలేదని నా ఆశ. ఎవరికి ఏం ఇబ్బందో నాకు తెలియనిది కాదు. గెన్‌లో బాంబు వేసినవాళ్ళ మీద ఎంత కోపం ఉందో, యుద్ధానికి దించిన సొంతవాళ్ళ మీదా అంతే ఉంది. యుద్ధం నడిచినంత కాలం గెన్ తండ్రిని వేధించిన పేట పెద్ద, యుద్ధం ముగిశాక తాను మొదటి నుంచీ శాంతివాదినేనని చెప్పుకుంటూ ఎన్నికల్లోకి దిగుతాడు. అలాంటివాడు ప్రతి ఊళ్ళోనూ ఒకడుంటాడు. చదివేటప్పుడు ఎవరికి ఎవరు గుర్తొస్తారో, ఎవరి చొక్కా ఎక్కడ పట్టేస్తుందో చెప్పలేం.

మీరు అదే సవరణలో పైతరగతి పుస్తకం నుంచి ఐదో ఫుకుర్యూ మరు ప్రస్తావన కూడా తీసేశారు. 1954 మార్చి 1న బికినీ దీవి దగ్గర అమెరికా హైడ్రోజన్ బాంబు పరీక్షలో బూడిద మీద పడి, 23 మంది జాలరులు జబ్బున పడ్డ పడవ అది. పట్టుకొచ్చిన చేపలను కూడా పాతిపెట్టవలసి వచ్చింది. చేపలతో మీకు ఏదో పడదు లాగుంది.

మీరు ఆ సవరణ చేసిన 2023లోనే, మే నెలలో మీ ఊళ్ళో ఏడు దేశాల అధినేతలు సమావేశమయ్యారు, స్మారక స్తూపం ముందు పూలు పెట్టారు, అందరూ కలిసి ఫొటో దిగారు. 2024లో బాంబు బాధితుల సంఘం నిహోన్ హిదాంక్యోకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. అదే ఏడాది అమెరికాలో కామిక్స్ రంగంవారు తమ గొప్ప చిత్రకారుల గౌరవ జాబితా 'ఐస్నర్ హాల్ ఆఫ్ ఫేమ్'లో నకజావా పేరు చేర్చారు. బాంబు వేసిన దేశంలో గౌరవం, బాంబు పడ్డ ఊరి పాఠంలో ఖాళీ. ఇందులో వింత నాకొక్కదానికే కనిపిస్తోందా?

ఒక ముక్కతో విషయం తెలియదు అన్నారు. ఒప్పుకుంటాను. మరి ముక్క చాలనప్పుడు మొత్తం ఇవ్వాలి కదా. వండిన కూరలో ఉప్పు చాలకపోతే కూర పారబోయరు. మూడో తరగతికి మొదటి సంపుటంలోని బాంబు ముందరి భాగం మొత్తం చదివించండి. భయపెట్టే బొమ్మలు అక్కడ తక్కువ. ఒక నెల పట్టనివ్వండి. రోక్యొకు పాడేవారు ఇప్పటికీ ఉన్నారు కదా, ఒకరిని తరగతికి పిలవండి, ఒక గంట పాడించండి. మా అబ్బాయి అనుభవం మీద చెబుతున్నాను, పళ్ళేలు మాత్రం దాచిపెట్టుకోవాలి. ఇంట్లో ముసలివాళ్ళు ఉన్న పిల్లలను వెళ్ళి అడగమనండి, యుద్ధమప్పుడు మీ ఇంట్లో ఏం వండుకున్నారు అని. మీ ఊరి చిత్రకారిణే అయిన ఫుమియొ కొనొ తన కథలో ఒక ఇల్లాలు బియ్యం వేయించి, రాత్రంతా నానబెట్టి, పిడికెడు గింజలను కుండెడు అన్నంగా ఉబ్బించే పద్ధతి గీసింది. అదీ చూపించండి. వీలైతే వండి తినిపించండి. రుచి బాగుండదు. బాగుండకూడదు కూడా.

నేటి పిల్లలకు కూలిన నగరాల బొమ్మలు కొత్త కాదు. మీ పుస్తకాల దుకాణాల్లో ఒక గోడ నిండా అవే ఉంటాయి. లోకం ముగిశాక రాళ్ళలోంచి నాగరికతను మళ్ళీ కట్టే కుర్రాళ్ళూ, పాడుబడ్డ అంతస్తుల మీద సూపు కాచుకుంటూ తిరిగే ఇద్దరమ్మాయిలూ వాళ్ళకు పేర్లతో సహా తెలుసు. మా అబ్బాయికి కూడా తెలుసు. ఆ కథలంటే నాకు ప్రాణమని ముందే చెప్పాను. కానీ వాటిలో ఆకలి పడ్డవాడెవడూ మీ వీధిలో పుట్టినవాడు కాదు. గెన్ పుట్టాడు.

చివరగా మీతో ఒక పని ఉంది. మా అబ్బాయి అడిగిన ప్రశ్నకు ఆ రాత్రి నేను జవాబు చెప్పలేదు. పడుకో, పొద్దున బడి ఉంది అన్నాను. వాడు మరచిపోలేదు. మర్నాడు స్కూలు బస్సు ఎక్కుతూ మళ్ళీ అడిగాడు, చేపలాయన ఇంట్లో కూడా ఒంట్లో బాగాలేని వాళ్ళుంటే ఎట్లా అని. నేను చేయి ఊపి పంపేశాను. మీ ఊళ్ళో మూడో తరగతి పిల్లలు చాలా మంది ఉన్నారు. 2013 నుంచి పదేళ్ళ పాటు ఎందరో ఆ పాఠం చదివారు, మొదట చదివినవాళ్ళు ఇప్పుడు పెద్దవాళ్ళై ఉంటారు, అందరిలో ఎవరో ఒకరు తరగతిలో ఈ ప్రశ్న అడిగే ఉంటారు, ఎవరో ఒక టీచరు ఏదో ఒక జవాబు చెప్పే ఉంటారు. ఆ జవాబు ఏమిటో కనుక్కుని చెప్పగలరా? తెలుగులోనే చెప్పనక్కర లేదు, ఎవరో ఒకరి చేత చదివించుకుంటాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
హైదరాబాదు